శకుంతలోపాఖ్యానము - లోకనాయకుల దాంపత్యధర్మము

ఆంధ్రమహాభారతము ఆదిపర్వమునందలి శకుంతలోపాఖ్యానము పాఠశాలలకుఁ గ్రొత్తది కాదు. సత్యమహిమను దెలుపు పద్యమును విద్యార్థులచేఁ గంఠస్థము చేయించుట, ప్రతిపదార్థ తాత్పర్యములు వ్రాయించుట, పూర్వపదార్థముకంటెఁ బరపదార్థ మధికమని చెప్పిన క్రమమును జూపుట - ఇంతటితో నా పాఠము ముగియుచుండును. నూఱు బావులకంటె నేది మేలు, నూఱు క్రతువులకంటె నేది మేలు అని యడిగినచో బాలురు తడుముకొనక చెప్పుదురు. కాని యా మాట లెవరు చెప్పిరి? ఎవరితోఁ జెప్పిరి? ఎచటఁ జెప్పిరి? ఈ మూఁడు ప్రశ్నలు సామాన్యముగాఁ దలయెత్తవు. చెప్పినది యొక భార్య. విన్నవాఁడు రాజు. చెప్పిన చోటు నిండు సభ. ఈ మూఁడు విషయములును విడిచి చదివినచో నా పద్యము నీతిసూత్రము మాత్రమే యగును. కలిపి చదివినచో నది పాలకునిపై వేయఁబడిన వ్యాజ్యమగును. ఆ వ్యాజ్యమున నిర్ణయింపఁబడిన ధర్మ మెట్టిది, అది నేఁటి లోకనాయకుల యెడ నెంతవఱకు వర్తించును అనునదియే యిచట విచార్యము.

మొదట వివాదస్వరూపము. దుష్యంతుఁడు వేఁటకై వచ్చి కణ్వాశ్రమమున శకుంతలను జూచి గాంధర్వవిధిని వివాహమాడెను. ఆమె వివాహమునకు ముందే తనకుఁ బుట్టఁబోవు కుమారునకు యౌవరాజ్యమును గోరెను, రాజు సమ్మతించెను. పరివారమును బంపి పిలిపించుకొందునని చెప్పి పురమునకుఁ బోయెను. కాలము గడచెను; కుమారుఁడు పెరిగెను; పిలుపు రాలేదు. అంతటఁ గణ్వుఁడు శిష్యులను దోడిచ్చి యామెను బంపఁగా, రాజు సభలో నామెను తా నెఱుఁగనని పలికెను.

ఇచట రెండు సంగతులు గుర్తింపఁదగినవి. వివాహము రహస్యముగా జరిగినను దాని ఫలము రాజ్యమునకు సంబంధించినది. కావున నది కేవల మంతఃపుర విషయము కాదు. ఇది మొదటిది. శకుంతల మొఱపెట్టుకొన్నది రాజు ప్రేమ తఱిఁగినదని కాదు. ఇచ్చిన మాట తప్పినాఁడని. ఇది రెండవది. ఆమె వాదమునందు ప్రణయమును గూర్చిన మాట లల్పము. మాటను, సాక్ష్యమును, సంతానమును గూర్చినవి యధికము. సంస్కృతమూలమున నామె రాజు నడిగిన తొలిప్రశ్న మిక్కిలి తీక్ష్ణమైనది: ఎఱిఁగియుండియు నెఱుఁగనని సామాన్యమానవునివలె నేల పలికెద వని. సామాన్యుఁ డబద్ధమాడినను దోషమే. కాని రాజు సామాన్యునివలె నబద్ధమాడుట యామెకు వింతగాఁ దోఁచినది. పాలకుని నుండి ప్రజ లధికముగా నాశింతురను భావమునకు మహాభారతమున నింతకంటె సూటియైన నిదర్శనము దొరకుట యరిది. ఒంటిగా నుంటినని తలంచితివి గాని హృదయమునందున్న సాక్షి నెఱుఁగ వని యామె పలికిన పలుకు నీ భావమునకే చెందును.

మూలమున రాజు ప్రతివాదము సుందరమైనది కాదు. ఆమె జన్మమును నిందించెను, మేనకను నిందించెను. నేఁటి వీథులలో వినవచ్చు పద్ధతియే యిది: ఆరోపణమునకుఁ బ్రత్యుత్తరము చెప్పుటకు మాఱుగా నారోపించిన స్త్రీ శీలమును ప్రశ్నించుట. దానికి శకుంతల యొసఁగిన సమాధానము పరుల యావగింజంత దోషమును జూచి తన మారేడుపండంత దోషమును గాన వని. చివర నాకాశవాణి సత్యమును దెలుపఁగా, రాజు తనకు ముందే తెలియునని సభలో నొప్పుకొనెను. ఈ వివాహ మన్యు లెఱుఁగరు గనుక, స్త్రీమాట నమ్మి పరిగ్రహించెనని లోకము నిందించునను భయమున నట్లాడితినని కారణము చెప్పెను. అనఁగా రాజుదోషము మఱపు కాదు, అజ్ఞానము కాదు. లోకాపవాదభయముచే నెఱిఁగి పలికిన యసత్యము.

ఈ యంశము కాళిదాసుచేతిలో మాఱిపోయినది. దుర్వాసుని శాపము, ముద్రిక - ఈ రెండును నాయకుని నిర్దోషిని జేసినవి. అభిజ్ఞానశాకుంతలమున దుష్యంతుఁడు నిజముగనే మఱచినాఁడు. కావున నతఁ డసత్యవాది కాఁడు. ధీరోదాత్తుఁడైన నాయకునకుఁ గళంకము తగదను నాటకధర్మమున కిది తగినదే. పిల్లలమఱ్ఱి పినవీరభద్రకవి శృంగారశాకుంతలమునం దీ రెండు కథలను జోడించి శాపవృత్తాంతమునే నిలిపెను. రసదృష్టిచే నీ మార్పు శ్లాఘ్యము. ధర్మదృష్టిచే నొక నష్టము కలిగినది. శాపము వచ్చినతోడనే సభావాదమునకుఁ బని లేకపోయెను. రాజు పొందవలసిన సిగ్గు విధిపాలయ్యెను. శాపకథ కలుగక పూర్వపు మూలమును గ్రహించి తెనిఁగించిన నన్నయ, శకుంతల వాదమును సంక్షేపింపక సత్యప్రశంసను శిఖరముగా నిలిపెను. రాజరాజనరేంద్రుని యాస్థానమున, రాజు వినుచుండఁగా, రాజుయొక్క యసత్యమును భార్య సభలో ఖండించు కథను దాఁపక చెప్పుట యల్పవిషయము కాదు.

దీనికి సరిగా నెదురు నిలుచు కథ యుత్తరరామాయణము. అచటను గారణము లోకాపవాదమే. భద్రుఁడు తెచ్చిన వార్తలో నొక వాక్యము సారభూతమైనది: రాజు సహించినచోఁ దామును దమ యిండ్లలో సహింపవలసివచ్చునని, రాజు నడచినట్లు ప్రజ లనుసరింతురని జనులు చెప్పుకొనుచుండిరఁట. నాయకుని గృహము ప్రజలకు మేలుబంతియను సూత్ర మిదియే. సూత్రము మంచిది. కాని దాని ఫలము నిర్దోషిని మీఁదఁ బడినది. భవభూతి యుత్తరరామచరితమున, లోకారాధనకై స్నేహమును, దయను, సుఖమును, తుదకు జానకినైనను విడువఁగలనని రాముఁడు పలుకుట, యట్లు పలికిన కొలఁదికాలమునకే యది సంభవించుట కవి కూర్చిన కరుణము. తిక్కన నిర్వచనోత్తరరామాయణమునను, కంకంటి పాపరాజు నుత్తరరామాయణమునను నీ ఘట్టమును జదివిన పండితులకు విస్తరించి చెప్పఁబనిలేదు.

రెండు కథలను బ్రక్కప్రక్కల నుంచినచో విషయము స్పష్టమగును. ఇద్దఱు రాజులకును జనవాక్యమే భయహేతువు. ఒకచోట జనవాక్యమునకై సత్యము దాఁచఁబడినది. వేఱొకచోట జనవాక్యమునకై సాధ్వి విడువఁబడినది. రెంటను బరిత్యాగదుఃఖము స్త్రీదే. కాఁబట్టి నాయకునకు శీలము వలయునని లోకము కోరుట యొక్కటియే చాలదు. ఆ కోరిక యెవరి తలపై భారముగాఁ బడుచున్నదను విచారణయుఁ గావలెను. ఎవరో గుసగుసలాడఁగా విని తీర్పు చెప్పినచోట సీతకు వనవాసము కలిగినది. బాధితురాలే సభకు వచ్చి చెప్పినపుడు రాజు తలవంచినాఁడు. జనవాదమునకును, బాధితురాలి వాదమునకును గల యీ భేదమును మఱచుటయే సాంఘికవిమర్శలలోఁ దఱచుగాఁ గానవచ్చు లోపము.

పందొమ్మిదవ శతాబ్దియుత్తరార్ధమున నీ ప్రశ్న క్రొత్తరూపమున వచ్చినది. 1874లో వివేకవర్ధనిని స్థాపించిన కందుకూరి వీరేశలింగముగారు పెద్దమనుష్యులు వేశ్యల నుంచుకొనుటను, మేజువాణులను బాహాటముగా నిందించిరి. రఘుపతి వేంకటరత్నమునాయఁడుగారు శీలశుద్ధి యుద్యమమును నడపి, బహిరంగజీవనము వేఱు, గృహజీవనము వేఱు అను సిద్ధాంతమును బూర్తిగాఁ ద్రోసిపుచ్చిరి. 1893లో మద్రాసు సంఘసంస్కర్తలు, మేజువాణి జరుగు సత్కారములకుఁ బోవలదని రాజప్రతినిధికిని మద్రాసు గవర్నరునకును విజ్ఞాపనము పంపిరి; అది యంగీకరింపఁబడలేదు. అంతకుముందు గౌరవచిహ్నముగా నున్న యాచార మప్పటినుండి నాయకత్వమునకుఁ గళంకముగా నెంచఁబడఁజొచ్చినది.

ఈ యుద్యమ మొక వంకరకును దావిచ్చినది. దానిని గుర్తించినవారు గురజాడ అప్పారావుగారు. 1892లో విజయనగరమునఁ బ్రదర్శింపఁబడి, 1897లో ముద్రితమై, 1909లో సంస్కృతరూపము పొందిన కన్యాశుల్కమున గిరీశము మేజువాణిపై నుపన్యాసములిచ్చువాఁడు, మధురవాణి నుంచుకొన్నవాఁడు. సంస్కరణోపన్యాసమే యాతనికి ముసుఁగు. మఱియొక వైపున సౌజన్యారావుపంతులు నిజముగా వ్రతనిష్ఠ కలవాఁడు. గిరీశముయొక్క నిజస్వరూపమును సౌజన్యారావున కెఱిఁగించినది మధురవాణియే. పరోపకారమునకై తన వ్రతమును జెఱుపుకొనుటకు సిద్ధపడిన యా వకీలును జెడకుండ నిలిపినదియు నామెయే. సంఘము పతితయని చెప్పిన స్త్రీ నోట సత్యమును బలికించి, సంస్కర్తయని పేరొందినవాని నోట నబద్ధమును బలికించుట యీ నాటకసారము. నన్నయ శకుంతల పద్యమున వాదించినది. అప్పారావుగారి మధురవాణి వాడుకమాటలో వాదించినది. పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తిగారు వాడుకభాషకై చేసిన పోరాటమును సమ్మతించినవారైనను, సమ్మతింపనివారైనను ఈ యొక్కటి యంగీకరింపవలెను: సాక్ష్యమునకు భాష యడ్డు కాదు.

కావ్యముల తరువాతఁ జట్టము. బహుభార్యాత్వము రాజులకు నిషిద్ధము కాని కాలమునఁ బుట్టిన కథ నేఁటి నాయకునకుఁ గొలఁతగా నుపయోగపడునా యను శంక సహజము. చట్టము మాఱిన కొలఁది కొలఁత మఱింత బిగిసినది గాని సడల లేదు. మద్రాసు రాష్ట్రమున 1949లోను, దేశమంతట 1955 హిందూవివాహచట్టమువలనను, హిందువులలో నేకపత్నీత్వమే విధి యయ్యెను. 1860 నాఁటి శిక్షాస్మృతిలోని 497వ నిబంధనము పరభార్యాగమనమును నేరముగాఁ జెప్పినను, ఫిర్యాదుచేయు హక్కు నా స్త్రీ భర్తకే యిచ్చెను; వంచింపఁబడిన భార్యకు నోరు లేదు. అనఁగా నా చట్టమున శకుంతలకు సభాప్రవేశమే లేదు. 2018 సెప్టెంబరు 27వ తేదీన సర్వోన్నతన్యాయస్థానము జోసఫ్ షైన్ వ్యాజ్యమున నా నిబంధనమును గొట్టివేసెను. వ్యభిచారము నేరము కాకపోయినను విడాకులకుఁ గారణముగా నిలిచియున్నది. 2024 జులై 1వ తేదీనుండి యమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహితయందును నా నేరము చేర్పఁబడలేదు.

నేరము కానిది దోషమును గాదా? ఈ ప్రశ్న శ్రీకాకుళము జిల్లా టెక్కలిలో రెండు నెలలు తిరుగకమునుపే వీథి కెక్కినది. 2024 ఆగస్టులో శాసనమండలి సభ్యులు దువ్వాడ శ్రీనివాసుగారి యింటియెదుట నాయన భార్య దువ్వాడ వాణిగారు కుమార్తెతోఁ గూర్చుండి, తమ్మును విడిచి వేఱొక స్త్రీతో నుండుచున్నారని యారోపించిరి. వాణిగారును స్థానికరాజకీయములలోఁ బదవి నెఱపినవారే. శ్రీనివాసుగారు తమ పక్షమును పత్రికలవారి యెదుటఁ జెప్పికొని, ప్రత్యారోపణములు చేసిరి. ఆ నెలలోనే వై.యస్.ఆర్. కాంగ్రెసు పక్షము టెక్కలి నియోజకవర్గపు బాధ్యతను వేఱొకరి కప్పగించెను. 2025 ఏప్రిలులో నాయనను పక్షమునుండి తాత్కాలికముగాఁ దొలఁగించెను. ఆ దంపతుల వివాదమున సత్యాసత్యములు నిర్ణయించుట సాహిత్యవిమర్శకుఁ జెందదు. అందు విమర్శకుఁ జెందునది లోక మా ఘట్టమును జూచిన తీరు.

అందు రెండు తీరులును గానవచ్చినవి. భార్య యింటివాకిట నిలిచి తన మాట తాను చెప్పుట శకుంతలాపద్ధతి. దానిని వినోదముగాఁ జేసికొని, దూరదర్శనమునందును, చరవాణులయందును దినదినము పంచిపెట్టి, అందఱికంటె నెక్కువగా స్త్రీలనే యెగతాళిచేయుట భద్రుఁడు తెచ్చిన జనవాదపద్ధతి. మొదటిది ధర్మవిచారణ, రెండవది కుతూహలము. రెంటికిని లోకము నీతియనియే పేరు పెట్టుచున్నది.

పరదేశములయందును నిదే. 1890లో నైర్లండు నాయకుఁడైన పార్నెల్ పేరు విడాకుల వ్యాజ్యమునఁ బ్రతివాదిగాఁ జెప్పఁబడఁగా నాతని పక్షము రెండుగాఁ జీలెను. మఱుసటి యేఁడే యాతఁడు మరణించెను. ఐర్లండు స్వపరిపాలన వాంఛ యొక గృహవివాదముతోఁ జిక్కువడెను. 1998లో నమెరికా దేశాధ్యక్షుఁడు క్లింటనుపై బ్రతినిధిసభ మోపిన యభియోగము ప్రణయమును గూర్చినది కాదు. ప్రమాణముచేసి యసత్యమాడెనని, న్యాయమున కడ్డుపడెనని. 1999లో సెనేటు నాతనిని విముక్తుని జేసెను. పార్నెల్ విషయమున లోకము గృహమును శిక్షించినది. క్లింటను విషయమునఁ గనీసము వ్యాజ్యము నసత్యముమీఁద నిలిపినది. రెండవది శకుంతల వాదమునకు సమీపము.

నాయకుని గృహము నాయకునిదే, ప్రజలకుఁ బనియేమి యనువారు కలరు. వారి మాటలో సగము నిజము. పడకటింటి తలుపు తట్టు నధికారము పౌరునకు లేదు. కాని భార్య తానై తలుపు తెఱచికొని వచ్చి, నా కిచ్చిన మాట తప్పినాఁడని చెప్పినపుడు చెవులు మూసికొనుటయు ధర్మము కాదు. అదియుఁగాక నేఁటి నాయకుఁడు తన వివాహమును దానే ప్రజలయెదుట నుంచుచున్నాఁడు. 2002, 2003 సంవత్సరములలోని సర్వోన్నతన్యాయస్థానపు తీర్పులవలన నభ్యర్థి తన యాస్తులతోఁబాటు భార్య లేక భర్త యాస్తులను, తనపై నాధారపడినవారి యాస్తులను నామపత్రముతోడి ప్రమాణపత్రమున వెల్లడింపవలసియున్నది. దుష్యంతుని గాంధర్వమునకు సాక్షులు లేరు. నేఁటి నాయకుని దాంపత్యమునకు నెన్నికల యధికారి కార్యాలయమే సాక్షి. భరణము, సంతానరక్షణము, ప్రమాణసత్యము - ఈ మూఁడింట నాయకుఁడు తప్పినచోఁ బ్రజ లడుగవచ్చును. మనసులు విఱిగిన దంపతులు న్యాయమార్గమున విడిపోవుట తప్పుగా నెంచరాదు. చాటున విడిచి, సభలో నెఱుఁగనని పలుకుట తప్పు.

మఱియొక వైపు శకుంతలావాదమునకే హద్దును జూపవలెను. ఆమె వ్యాజ్య మొక సభలో నొక దినమునఁ దీఱినది. సభ మరల రాజ్యకార్యమునకు మరలినది. టెక్కలికిఁ గొంతదూరముననే పలాస, దానికిఁ దూర్పున సముద్రమువఱకు నుద్దానము. కొబ్బరి, జీడి, పనస తోఁటలచే నుద్యానమని పేరొందిన యీ సీమలో మూత్రపిండవ్యాధి యేండ్లతరబడి కుటుంబములను గబళించుచున్నది; కారణ మిదమిత్థమని శాస్త్రజ్ఞులు తేల్చలేదు. 497వ నిబంధనము కొట్టివేయఁబడిన పదునాలుగవ దినమున, 2018 అక్టోబరు 11వ తేదీన, తిత్లీ తుపాను పలాస తీరమును దాఁకి యీ తోఁటలను నేలఁగూల్చినది. ఏండ్లు పెంచిన చెట్లు పోయినవారికిఁ దిరిగి కాపు చేతికి వచ్చుటకు మరల నేండ్లు పట్టును. పలాసలో మూత్రపిండవ్యాధుల పరిశోధనకేంద్రము, రెండువందల పడకల వైద్యశాల 2023 డిసెంబరులోఁ బ్రారంభింపఁబడినవి. ఉద్దానమునకుఁ ద్రాగునీటి పథకమును నపుడే యారంభమైనది. ఈ సీమ తన నాయకుల నడుగవలసిన ప్రశ్నలలో నింటివాకిటి ప్రశ్న యొక్కటి. నీటిని గూర్చిన ప్రశ్న వేఱొకటి. రోగిని గూర్చిన ప్రశ్న యింకొకటి. మొదటిది తక్కినవానిని మ్రింగినచో నీతిపేరనే యవినీతి జరిగినట్లగును. ప్రజలకు మాట యిచ్చి తప్పుటయు దాంపత్యమున మాట తప్పుటవంటిదే. అచటను సభలో నెఱుఁగనని పలుకుట కలదు.

ఈ దృష్టితోఁ జదివినచో శకుంతలోపాఖ్యానము కేవలము పతివ్రతాకథ కాదు. సత్యస్తుతి మాత్రమును గాదు. పాలకుఁడు తన మాటకు బద్ధుఁడనియు, నా మాట యెవరి కిచ్చినదో వారికే యడుగు హక్కు మొదట కలదనియు, నట్లు వచ్చిన వాదమును జనవాదముతోఁ గలిపివేయరాదనియు బోధించు రాజధర్మకథ. శకుంతల కడకు రాజు కరుణను యాచింపలేదు. నీవు పరిగ్రహింపకున్నను నా కుమారుఁడు భూమి నేలునని మూలమునఁ బలికి వెడలఁబోయినది. ఆమెను వెనుకకుఁ బిలిచినది సత్యము, సిగ్గుపడినది సింహాసనము.

పాఠశాలలో నీ పద్యమును జెప్పు పండితులు సత్యము గొప్పదని చెప్పి విడువక, అది యెవరి యెదుటఁ బలుకఁబడినదో గూడఁ జెప్పినచో మేలు. రేపు వోటు వేయఁబోవువారు నేఁడు వారి యెదుటనే బల్లలపైఁ గూర్చుండి యున్నారు.